లక్ష రూపాయల రివాల్వర్‌కి రెండొందల గ్లో పౌడరు: పూస్తే ఎంతవరకు పనిచేస్తుంది

మన తిరుపతి, చిత్తూరు వైపు లైసెన్సు మీద చేతి తుపాకి పెట్టుకునేవాళ్ళు మామూలుగా కొనేది కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్. దాని ఫోర్‌సైట్ (గొట్టం ముందు కొసన గురి చూసే ముక్క) నల్లటి పలక, బ్యాక్‌సైట్ (కంటికి దగ్గరగా ఉండేది) నల్లటి గాడి. పగటిపూట తెల్లటి టార్గెట్ పేపరు మీద గురి చూడ్డానికి ఆ నలుపే మంచిది. పొద్దు గూకితే మాత్రం నలుపు వెనక నలుపు, దాని వెనక చీకటి. పలక ఎక్కడుందో కంటికి ఆనదు. 2014లో లక్షా ఇరవై వేల పైచిలుకు ధరతో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్‌కి కూడా చీకట్లో మెరిసే సైటు ఇవ్వలేదు.

కొన్ని విదేశీ పిస్టళ్ళకి ట్రిటియం సైట్లు ఉంటాయి. చిన్న గాజు గొట్టంలో ట్రిటియం వాయువు నింపి ఉంటుంది, వెలుతురు చూపించకపోయినా ఏళ్ళ తరబడి వెలుగుతుంది. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళు కాబట్టి అన్నేళ్ళకి వెలుగు సగానికి పడిపోతుంది. ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. పైగా అది రేడియోధార్మిక పదార్థం, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఆడుకునే వస్తువు కాదు. మన రివాల్వర్‌కి సైటు ఊడదీసి ఇంకోటి బిగించుకునే వీలూ లేదు.

మిగిలింది చవక దారి, ఫోర్‌సైట్ పలక మీద చీకట్లో మెరిసే చుక్క పెట్టుకోవడం: గ్లో పౌడరు, క్లియర్ జిగురు, తెల్ల రంగు, ఒక టూత్‌పిక్. అంతా కలిపి నాలుగైదు వందల్లో అయిపోతుంది. పనిచేస్తుందా అంటే, చేస్తుంది. కాకపోతే అమ్మేవాళ్ళు చెప్పే పని వేరు, అది నిజంగా చేసే పని వేరు. ఇందులో అసలు లాభం సగానికి పైగా అడుగున వేసే తెల్ల రంగుది, పైన మెరిసే పౌడరుది ఆ తర్వాతే. ఈ మాట పట్టుకుని మిగతాది చదవండి.

ముందు కొనే సంగతి. గాంధీ రోడ్డులోనో లీలామహల్ సర్కిల్ పక్కనో స్టిక్కర్ షాపుకి పోయి ‘అన్నా, రేడియం ఉందా’ అంటే, బండి నంబరు ప్లేటుకి వేసే స్టిక్కర్ రోల్ తీసి ముందు పెడతారు. అది లైటు పడితే తిరగ్గొట్టే రకం, తనంతట తాను వెలగదు. చీకటి గదిలో మీ చేతిలోని తుపాకి మీద దానికి విలువ సున్నా. అందులో రేడియం కూడా లేదు. పాత గడియారాల ముళ్ళకి పూసిన అసలు రేడియం అర్ధాయువు 1,600 ఏళ్ళు, అది ఇప్పుడెవరూ అమ్మరు.

మీకు కావలసింది స్ట్రాన్షియం అల్యూమినేట్ పౌడరు. 1993లో జపాన్ కంపెనీ నెమోటో దీన్ని తయారు చేసింది. అంతకుముందు వాడిన జింక్ సల్ఫైడ్ కంటే దీని వెలుగు దాదాపు పది రెట్లు ఎక్కువ, నిలిచే కాలమూ అంతే. ఆన్‌లైన్‌లో పది గ్రాముల పొట్లం రెండు వందల లోపు దొరుకుతుంది. ప్యాకెట్ మీద ‘గ్లో పౌడర్’ అని మాత్రమే రాసి రసాయనం పేరు చెప్పని సరుకు జోలికి పోవద్దు. అట్లాంటివి చాలావరకు జింక్ సల్ఫైడే.

రంగు విషయంలో బేరం పెట్టుకోవద్దు, ఆకుపచ్చే తీసుకోండి. ఆకుపచ్చ వెలుగు 520 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, చీకటికి అలవాటు పడిన కంటికి ఆ ప్రాంతం బాగా అందుతుంది. నీలం కలిసిన ఆకుపచ్చ రెండో స్థానం. ఎరుపు, నారింజ, గులాబీ రంగులు ఫొటోలో అదిరిపోతాయి, చీకట్లో పది నిమిషాలకే చప్పబడతాయి. ఆ ఫొటోలు కెమెరా షట్టర్ చాలాసేపు తెరిచి తీసినవి. కంటికి అంత వెలుగు ఎప్పటికీ కనబడదు.

పొట్లం ఇంటికి రాగానే రెండు పరీక్షలు చేయండి. చిటికెడు పౌడరుని కాగితం మీద పోసి ఎండలో ఐదు నిమిషాలు పెట్టి, తర్వాత గంటసేపు చీకటి గదిలో వదిలేయండి. గంట తర్వాత మీరూ ఆ గదిలో కాసేపు కూర్చుని కళ్ళు చీకటికి అలవాటయ్యాక చూస్తే ఇంకా స్పష్టంగా వెలుగుతుంటే మంచి సరుకు. ఏమీ కనబడకపోతే జింక్ సల్ఫైడ్. రెండోది నీళ్ళ పరీక్ష. చెంచాడు నీళ్ళలో చిటికెడు వేసి రెండు రోజులు ఉంచండి. పైపూత లేని పౌడరు నీళ్ళని పీల్చి గట్టిగా గడ్డకట్టి వెలుగు కోల్పోతుంది. అట్లాంటి పౌడరుని నీళ్ళలో కలిసే అక్రిలిక్ రంగుల్లో కలపకూడదు. అరాల్డైట్ లాంటి ఎపాక్సీ జిగురులో అయితే నడుస్తుంది.

పౌడరు కళ్ళలోకి, ముక్కులోకి పోకుండా చూసుకోండి. ఫ్యాన్ కట్టేసి కలపండి. రేణువులు గాజులాగా గట్టివి, స్టీలు చెంచాతో నూరితే లోహం అరిగి పౌడరు బూడిదరంగుకి తిరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. ప్లాస్టిక్ మూత, టూత్‌పిక్ చాలు. రుద్దకుండా మెల్లగా తిప్పండి.

ఇక జిగురు. మూడు రకాలున్నాయి, మూడింటికీ మూడు రోగాలు.

క్లియర్ నెయిల్ పాలిష్ అన్నిటికంటే సులువు. పావుగంటలో పైన ఆరుతుంది, నచ్చకపోతే అసిటోన్‌తో తుడిచేయొచ్చు. బలహీనత కూడా అక్కడే ఉంది. తుపాకి శుభ్రం చేసే సాల్వెంట్ చుక్క తగిలితే మెత్తబడి జారిపోతుంది. పలచగా ఉండేసరికి బరువైన పౌడరు అడుక్కి దిగిపోతుంది కూడా. ఈ పౌడరు సాంద్రత నీటి కంటే మూడున్నర రెట్లు పైనే, అందుకే రెడీమేడ్ గ్లో నెయిల్ పాలిష్ సీసాల్లో పైన నీళ్ళలాగా, అడుగున మట్టిలాగా కనబడుతుంది. అట్లాంటి సీసా కొంటే ప్రతి చుక్కకి ముందు బాగా కుదపాలి. ప్రయోగానికి, ఎయిర్ పిస్టల్‌కి బాగానే ఉంటుంది. నిజం తుపాకికి తాత్కాలికమే.

యూవీ లైటుకి గట్టిపడే నెయిల్ జెల్ బ్యూటీ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. గట్టిగా, నున్నగా, అద్దంలా వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఈ పౌడరు యూవీని తనే మింగేస్తుంది. మందంగా వేస్తే పైపొర గట్టిపడి కింద పచ్చిగానే ఉండిపోతుంది. నెల తర్వాత చుక్క మొత్తం ఒలిచినట్టు ఊడొస్తే కారణం అదే. పావు మిల్లీమీటరు మించకుండా పొర వేసి, ఒక్కోదాన్ని విడిగా లైటు కింద పెట్టి, మళ్ళీ పైన వేసుకుంటూ పోవాలి. ఓపికుంటే మంచి ఫలితం.

అరాల్డైట్ క్లియర్ ఎపాక్సీ మా ఓటు. రెండు ట్యూబులు సమపాళ్ళలో, దానికి సమాన బరువు పౌడరు. కొలవడానికి త్రాసు లేకపోతే, మిశ్రమం తేనె కంటే చిక్కగా, టూత్‌పిక్ ఎత్తితే తీగ సాగకుండా తెగేటట్టు ఉంటే సరి. ఐదు నిమిషాల రకం కొంటే పని నాలుగు నిమిషాల్లో ముగించాలి. మే నెలలో మన ఊరి వేడికి ఇంకా ముందే బిగుసుకుంటుంది. తొలిసారి చేసేవాళ్ళు నెమ్మదిగా గట్టిపడే రకమే తీసుకోండి. ఏడాది రెండేళ్ళకి ఎపాక్సీ కొంచెం పసుపు తిరుగుతుంది, వెలుగుకి పెద్దగా అడ్డం రాదు.

ఒక్క చుక్కకి ఎంత పౌడరు పడుతుందో లెక్కేస్తే నవ్వొస్తుంది. రెండు మిల్లీమీటర్ల అడ్డకొలత, అర మిల్లీమీటరు మందం ఉన్న చుక్కలో పట్టే పౌడరు ఒకటిన్నర మిల్లీగ్రాములకి మించదు. పది గ్రాముల పొట్లం మీ జీవితకాలానికి సరిపోతుంది. యాభై గ్రాముల ‘ఆఫర్’ ఎందుకూ పనికిరాదు.

పని మొదలుపెట్టే ముందు తుపాకి ఖాళీ చేయాలి. రివాల్వర్ అయితే మడిచి తెరిచి తూటాలు పట్టే ఆరు గదులూ వేలితో తడిమి చూడండి. పిస్టల్ అయితే ముందు తూటాల మ్యాగజైన్ తీసి, తర్వాత పైన జారే స్లైడ్ వెనక్కి లాగి తూటా కూర్చునే ఛాంబర్ చూడండి. తూటాలు ఇంకో గదిలో పెట్టి తలుపు వేయండి. సైటు మీద పని అంటే మొహం బ్యారెల్‌కి దగ్గరగా పెట్టి గంటసేపు కూర్చునే పని, కాబట్టి ఇందులో మొహమాటం వద్దు.

తర్వాత నూనె వదిలించడం. ఊడిపోయిన చుక్కల్లో నూటికి తొంభై ఇక్కడ చేసిన బద్ధకం వల్లే ఊడతాయని ఢంకా బజాయించి చెప్పొచ్చు. గన్ ఆయిల్ సందుల్లోంచి మెల్లగా పాకి వస్తుంది, పైన తుడిచినంత మాత్రాన పోదు. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తీసుకోండి. సర్జికల్ స్పిరిట్ ఇస్తే సీసా మీద చదవండి, కొన్నిటిలో ఆముదం కలుస్తుంది, అది ఆరాక జిడ్డు పొర మిగులుస్తుంది. కిరసనాయిలు, పెట్రోలు అసలే వద్దు, అవీ జిడ్డు వదిలే రకమే. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని తడిపి పలక వెనక ముఖం (మీ కంటివైపుది) తుడవండి. పుల్ల నల్లబడకుండా తెల్లగా వచ్చేదాకా కొత్త పుల్లలతో తుడుస్తూనే ఉండాలి. తర్వాత అరగంట ఎండలో పెట్టి మళ్ళీ ఒకసారి తుడవండి. వేడికి సందుల్లోని నూనె బయటికి వస్తుంది, రెండో తుడుపు దానికోసమే. ఆ తర్వాత వేలు తగలనివ్వద్దు.

గరుకు కాగితంతో రుద్దమని వీడియోల్లో చెప్తుంటారు. నల్లటి పూత పోయి అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది, మన ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇంకా త్వరగా. పలకని ఆకురాయితో అరగదీయడం, గుంట తొలవడం అంతకంటే తప్పు. అది లైసెన్సున్న గన్‌స్మిత్ పని, ఇంట్లో చేసేది కాదు. పైన పూసి అవసరమైతే తీసేయగలిగే పనికే పరిమితం కావాలి.

ఇప్పుడు చుక్క ఎక్కడ పెట్టాలన్నది. ఎక్కువమంది పలక వెనక ముఖం మధ్యలో పెట్టేస్తారు. అట్లా పెడితే తూటా పైకి పోతుంది. పగటిపూట మీరు పలక పైఅంచుని బ్యాక్‌సైట్ పైఅంచుతో సమం చేసి కాలుస్తారు. చీకట్లో కనిపించేది చుక్క ఒక్కటే కాబట్టి, కన్ను తెలియకుండానే చుక్కని గాడి పైఅంచుకి తెస్తుంది. అంటే పలకంతా పైకి లేచినట్టే. చుక్క నడిబొడ్డు పలక పైఅంచుకి 1.5 మిల్లీమీటర్ల కింద ఉందనుకుందాం, రెండు సైట్ల మధ్య దూరం 120 మిల్లీమీటర్లు అనుకుందాం. ఏడు మీటర్ల దూరంలో తూటా దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు పైన తగులుతుంది. పొట్టి బ్యారెల్ ఉన్నవాటికి సైట్ల మధ్య దూరం తక్కువ, తప్పు ఇంకా పెరుగుతుంది.

అందుకని చుక్కని పైఅంచుకి వీలైనంత దగ్గరగా జరపండి, కానీ అంచు మీదకి ఎక్కనివ్వద్దు. పైన అర మిల్లీమీటరు నల్ల గీత మిగలాలి, పగటి గురికి ఆ గీతే ఆధారం. ఎపాక్సీ బుడగలాగా లేచి పైఅంచుని దాటిపోతే ఇంకో తంటా. కన్ను బుడగ కొసనే పలక కొస అనుకుంటుంది, పలక పొడుగైనట్టయ్యి తూటా కిందికి పోతుంది. రెండు వైపులా కూడా నల్ల అంచు ఉంచండి. పలక పక్క ముఖాలకి, ముందు ముఖానికి అంటుకుంటే పక్కనున్నవాళ్ళకి మీ సైటు కనబడుతుంది, మీకు మాత్రం లాభం లేదు.

మాస్కింగ్ టేపు చీల్చి ఇలా సరిహద్దు కట్టుకుని తెల్ల రంగు వేయండి. వైట్‌నర్ వాడొద్దు, ఎండితే పెళుసు, నాలుగు తూటాలకి బీటలు తీస్తుంది. తెల్ల ఎనామిల్ గానీ తెల్ల నెయిల్ పాలిష్ గానీ రెండు పలచటి పొరలు, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి. పౌడరు వెలుగు అన్ని వైపులకీ పోతుంది. అడుగున నలుపుంటే సగం వెలుగుని అది మింగేస్తుంది, తెలుపుంటే తిరిగి మీ కంటివైపుకే వస్తుంది. ఒకే పౌడరు, ఒకే మందం, నల్ల ఇనుము మీద ఒక చుక్క, తెలుపు మీద ఒక చుక్క వేసి పక్కపక్కన పెడితే ఆ రెండూ ఒకే సరుకంటే ఎవరూ నమ్మరు. పైగా వెలుతురు కొంచెమైనా ఉన్న సందేళ, వరండా బల్బు కింద, పౌడరు వెలగని వేళ కూడా ఆ తెలుపు పలకని పట్టిస్తుంది.

తెలుపు గట్టిపడ్డాక తుపాకిని మెత్తటి గుడ్డల మధ్య, పలక వెనక ముఖం పైకి చూసేటట్టు నిలబెట్టండి. పడుకోబెట్టి వేస్తే మిశ్రమం ఆరేలోపు పౌడరు ఒక పక్కకి జారి, గుండ్రటి చుక్క కాస్తా నెలవంక అవుతుంది. టూత్‌పిక్ కొసతో కొంచెం తీసుకుని మధ్యలో ఆనించి వదిలేయండి, అదే పరుచుకుంటుంది. గీయొద్దు, రుద్దొద్దు. గాలి బుడగ కనిపిస్తే సూదితో పొడవండి. అర మిల్లీమీటరు మందం చాలు, అంతకు మించితే వెలుగు పెద్దగా పెరగదు గానీ కాల్చిన అదురుకి పగిలే అవకాశం మాత్రం పెరుగుతుంది. జిగురు బిగుసుకోవడం మొదలైనప్పుడే, పూర్తిగా గట్టిపడకముందే టేపు లాగేయండి. గట్టిపడ్డాక లాగితే అంచు చిట్లుతుంది. మరుసటి రోజు దాకా కదపొద్దు.

.32 రివాల్వర్ వాళ్ళకి ఒక జాగ్రత్త. ఇది వెబ్లీ మార్క్ 4 అనే పాత బ్రిటిష్ రివాల్వర్ నమూనా, నడుం దగ్గర మడిచి తెరిచే రకం. బ్యాక్‌సైట్ గాడి ఉండేది ఆ తెరిచే గొళ్ళెం మీదే. వెనక కూడా చుక్కలు పెడదామని జిగురు తీసుకుని గొళ్ళెం దగ్గరికి పోతే, అది సందులోకి కారి గొళ్ళెం పూర్తిగా పడకుండా చేస్తుంది. గొళ్ళెం సరిగా పడని టాప్‌బ్రేక్ (ఇలా మడిచి తెరిచే) రివాల్వర్ కాల్చేవాడికే ప్రమాదం. ముందు పలకకి ఒక్క చుక్క పెట్టి ఆపేయండి.

పిస్టల్ వాళ్ళు కూడా వెనక రెండు, ముందు ఒకటి అని మూడూ ఒకే పచ్చ రంగుతో వేయొద్దు. చీకట్లో మూడు పచ్చ చుక్కల్లో ముందుది ఏదో తెలియక, కుడి చుక్కని మధ్య చుక్క అనుకుని గురి పక్కకి పోతుంది. వెనక వేయాలనే ఉంటే నీలం రకం, సగం సైజు, పలచటి పొర. అసలు వెనక వేయకుండా నల్లగా ఉంచడమే మేలు.

ఇక వెలుగు ఎంతసేపు ఉంటుందన్న అసలు ప్రశ్న. ప్యాకెట్ మీద పది గంటలు, పన్నెండు గంటలు అని ఉంటుంది. అబద్ధం కాదు, కానీ మనం అనుకునే అర్థంలో నిజమూ కాదు. వెలుగు తొలి పది నిమిషాల్లో దబదబా పడిపోతుంది, తర్వాత సన్నగా, చాలాసేపు సాగుతుంది. ఆ సన్నటి వెలుగు కనబడాలంటే మీ కన్ను ఇరవై ముప్పై నిమిషాలు చీకట్లో ఉండి ఉండాలి. మొబైల్ చూస్తూ చూస్తూ లైటార్పి లేచినవాడికి గంట కిందటి చుక్క కనబడదు.

వెలుగు ఎక్కించడానికి ఎండ అన్నిటికంటే మేలు, కొద్ది నిమిషాల్లో నిండిపోతుంది. తర్వాత దొంగ నోట్లు చూసే యూవీ టార్చి, దగ్గరగా పెడితే పది పదిహేను సెకన్లు. తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులైటు కింద పది నిమిషాలు. పసుపు బల్బు దండగ, అందులో ఈ పౌడరుకి కావలసిన నీలపు వెలుగు తక్కువ. యూవీతో నింపిన వెంటనే చుక్క మరీ దేదీప్యంగా ఉండి దాని వెనకున్నది కనబడనివ్వదు, ఒకటి రెండు నిమిషాలు ఆగితే సర్దుకుంటుంది.

ఇప్పుడు ఇంటి సంగతి ఆలోచించండి. బాధ్యతగలవాళ్ళు తుపాకిని బీరువాలో తాళం వేసి పెడతారు, పిల్లలున్న ఇంట్లో అట్లాగే పెట్టాలి. బీరువాలో వెలుతురు ఉండదు. మాపటేళ లోపల పెట్టిన తుపాకి అర్ధరాత్రి తీస్తే చుక్క చల్లారిపోయి ఉంటుంది. టార్చి కొట్టి నింపుకోవచ్చు కదా అంటారా, టార్చి చేతిలో ఉంటే ఎదుటి మనిషి మీద కొట్టాలి, సైటు మీద కాదు. టార్చి వెలుతురులో ఎదుటిది తెల్లగా, మీ పలక నల్లగా, ఏ పూతా లేకుండానే స్పష్టంగా కనబడుతుంది. ఆ వెలుతురులో పచ్చ చుక్క అసలు కనబడదు కూడా. కొట్టం దగ్గర అలికిడి చేసింది దొంగో, పక్కింటి మామో, తప్పిపోయిన దూడో మెరిసే చుక్క చెప్పదు. ఐదొందలు ఉంటే ముందు మంచి టార్చి కొనమనేది అందుకే. పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల కోసం అనుకునేవాళ్ళకి ఒకటే మాట: చేతి తుపాకి ఆ పనికి రాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద ఏనుగు మొదటి షెడ్యూలులో ఉంది, ఫారెస్టు వాళ్ళకి ఫోను చేయడమే దారి.

మరి ఈ పూత ఎక్కడ పనికొస్తుంది? పొద్దు గూకే వేళ, దీపం మసకగా ఉన్న వరండాలో, అప్పటిదాకా వెలుతురులో ఉన్న తుపాకికి. ఖాళీ తుపాకితో ఇంట్లో గురి సాధన చేసేవాళ్ళకి కూడా. మిగతా వేళల్లో అడుగునున్న తెలుపే పనిచేస్తుంది.

ఎయిర్ పిస్టల్ ఉన్నవాళ్ళు ముందు దాని మీద చేయి తిప్పుకోవడం మంచిది. .177 బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ళ శక్తి మించనివాటికి లైసెన్సు అక్కర్లేదు, తప్పుపోయినా నష్టం తక్కువ. వీటి సైట్లు చాలావాటికి ప్లాస్టిక్‌వి, అసిటోన్ తగిలితే కరిగి ముడతలు పడతాయి. ఐసోప్రొపైల్ మాత్రమే వాడండి. పది మీటర్ల పోటీలకి పోయే పిల్లల పిస్టల్‌కి మాత్రం ఏ చుక్కా పెట్టొద్దు. వాళ్ళకి కావలసింది మెరుపు లేని నలుపు, మెరుపు వస్తే మసి పట్టించి మరీ నల్లబరుస్తారు.

అంటించే గ్లో టేపు గురించి కూడా రెండు మాటలు. చిన్న పంచ్‌తో గుండ్రంగా కొట్టి అంటిస్తే రెండు నిమిషాల పని, అడుగున తెలుపు ముందే ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. హోల్‌స్టర్‌లో (నడుముకి కట్టే ఒరలో) పెట్టి తీసే తుపాకికి వారం నిలవదు, అంచు దగ్గర లేచి ఊడిపోతుంది. కదలకుండా ఉండే వస్తువులకి మాత్రం దీన్ని మించింది లేదు. మోటారు స్టార్టర్ మీద పచ్చ బటన్‌కి, ఇన్వర్టర్ స్విచ్‌కి, బీరువా తాళపు రంధ్రం పక్కన, టార్చి వెనక కొసకి అంటించుకోండి. పొట్లంలో మిగిలిన పౌడరుకి కూడా గమ్యం అదే.

మార్కులు వేయాలంటే ఎపాక్సీలో స్ట్రాన్షియం పౌడరు, కింద తెలుపు: ఐదుకి నాలుగు. యూవీ జెల్: మూడున్నర, ఓపిక ఉన్నవాళ్ళకి. గ్లో నెయిల్ పాలిష్: రెండు. టేపు: సైటుకి ఒకటి, స్టార్టర్ బటన్‌కి ఐదు. ‘రేడియం’ స్టిక్కర్‌కి ఇక్కడ పని లేదు.

శుభ్రం చేసేటప్పుడు సాల్వెంట్‌ని చుక్క మీద పడనివ్వకండి, గుడ్డతో మూసి బ్యారెల్ కడగండి. కాల్చాక పట్టిన మసిని పొడి బ్రష్‌తో దులపండి, మసి పేరుకుంటే వెలుగు లోపలికి పోదు, బయటికి రాదు. లైసెన్సు రెన్యువల్‌కి ఆయుధం చూపించేటప్పుడూ, ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్‌లో డిపాజిట్ చేసేటప్పుడూ నంబర్ల మీద రంగు మరక లేకుండా చూసుకోండి. పూత వద్దనుకుంటే, నెయిల్ పాలిష్ అయితే అసిటోన్ తడిపిన పుల్ల చాలు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్, చెక్క పిడి తడవకుండా. ఎపాక్సీకి హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు నిమిషాలు వేడి పట్టించి, మెత్తబడ్డాక వెదురు పుల్లతో అంచు దగ్గర లేపితే ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. చాకు వాడితే నల్ల పూత గీరుకుపోతుంది. తీసేశాక ఆ చోట ఒక చుక్క గన్ ఆయిల్ రుద్దండి, ఇన్నాళ్ళూ నూనె తగలని చోటు అది.